పాల ప్లేటు మీద రింగు పెరగాలంటే ఏ మ్యుటేషన్ మేలు?

మార్చి వచ్చిందంటే గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ఎమ్మెస్సీ మైక్రో, బయోటెక్ వాళ్లకు ప్రాజెక్టు టెన్షన్ మొదలవుతుంది. మిర్చి యార్డు పక్క మట్టో, పత్తి మిల్లు వెనక మట్టో తెచ్చి, స్కిమ్ మిల్క్ అగార్ (పాలు కలిపిన జెల్లీ ప్లేటు) మీద పూసి, చుట్టూ తెలుపు కరిగి రింగు పడిన కాలనీని పట్టుకుని, అది బాసిల్లస్ అనే బాక్టీరియా అని తేల్చుకున్నాక "ఇప్పుడు మ్యుటేషన్ చేసి ప్రోటియేజ్ స్రావం పెంచుదాం" అంటారు. ప్రోటియేజ్ అంటే పాలలోని ప్రోటీన్‌ను కోసి ఆ రింగు తెచ్చే ఎంజైమ్, స్రావం అంటే కణం దాన్ని బయటికి వదలడం. మ్యుటేషన్, అంటే జన్యువులో మార్పు, సరే, ఎక్కడ? మూడు దారులున్నాయి. ప్రోటీన్ మొదట్లో ఉండే సిగ్నల్ పెప్టైడ్‌ను మార్చడం ఒకటి, దాన్ని బయటికి పంపే సెక్ యంత్రాన్నే మార్చడం రెండోది, యూవీ దీపం కింద పెట్టి దెబ్బ ఎక్కడ తగిలితే అక్కడ తగలనివ్వడం మూడోది. మన దగ్గర ఎక్కువమంది చేసేది మూడోది. నా ఓటు మాత్రం మొదటిదానికి.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. బయటికి వెళ్లాల్సిన ప్రోటీన్‌కు మొదట్లో సుమారు 20 నుంచి 30 అమైనో ఆమ్లాల ముక్క ఉంటుంది. అందులో ముందు లైసిన్, ఆర్జినిన్ లాంటి ధనావేశం ఉన్నవి, మధ్యలో నీటికి దూరంగా ఉండే ల్యూసిన్, అలనిన్ లాంటివి, చివర కోత పెట్టాల్సిన గుర్తు. సెక్‌ఏ అనే ప్రోటీన్ కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చు పెడుతూ దీన్ని పొరలో ఉండే సెక్‌వై ద్వారంలోంచి తోస్తుంది, అవతలికి వెళ్తుండగా సిగ్నల్ పెప్టిడేజ్ అనే ఎంజైమ్ ఆ ముక్కను కోసేస్తుంది. మిర్చి యార్డు గేటు దగ్గర లారీ పాస్ లాంటిదే ఈ ముక్క. పాస్‌లో తప్పుంటే ఆ ఒక్క లారీ ఆగుతుంది, గేటే చెడితే యార్డంతా ఆగుతుంది. ఒకటీ రెండూ దారుల మధ్య అసలు తేడా ఇదే.

పాస్‌లో ఏ అక్షరం మారితే ఏమవుతుందో కూడా బాగా తెలిసిన సంగతే. మధ్య భాగంలో ఒక్క ల్యూసిన్ పోయి అక్కడ ఆవేశం ఉన్న అమైనో ఆమ్లం వచ్చిందంటే చాలు, ప్రోటీన్ చాలావరకు లోపలే ఉండిపోతుంది. ముందున్న ధనావేశం తగ్గితే పూర్తిగా ఆగదు గానీ నెమ్మదిస్తుంది. చివర కోత గుర్తులోని అలనిన్ మారితే వ్యవహారం వేరు: ప్రోటీన్ పొర దాటుతుంది కానీ తెగదు, పొరకే వేలాడుతూ ఉంటుంది. అంటే ఫలితం చూసి తప్పు ఏ భాగంలో ఉందో దాదాపు ఊహించవచ్చు. వైవాలో ఎగ్జామినర్ అడిగితే చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

వీటిని కనిపెట్టిన తీరు నాకు భలే ఇష్టం. 1970ల చివర హార్వర్డ్‌లో జాన్ బెక్‌విత్, ఆయన ల్యాబ్‌లో పనిచేసిన థామస్ సిల్హావీ లాంటివాళ్లు, మాల్టోజ్ అనే చక్కెర కోసం ఈ. కోలై బాక్టీరియా బయటికి పంపే ప్రోటీన్ల వెనక, మామూలుగా కణం లోపలే ఉండే బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైమ్‌ను అతికించారు. ఆ పెద్ద ఎంజైమ్ ద్వారం దాటలేక మధ్యలో ఇరుక్కుంటుంది, మాల్టోజ్ వేస్తే అలాంటివి మరిన్ని తయారై ద్వారాలన్నీ మూసుకుపోయి కణం చస్తుంది. మరి మాల్టోజ్‌లోనూ బతికిన కాలనీలు ఏవి? చాలావాటిలో సిగ్నల్ ముక్క చెడింది. పాస్ పనిచేయక ఆ ప్రోటీన్ ద్వారం దాకా పోనేలేదు, ఎంజైమ్ లోపలే హాయిగా పనిచేసింది. పైగా ఒక్కో కాలనీలో ఏ అక్షరం మారిందో చూసుకుంటూ పోతే పాస్‌లో ఏది ముఖ్యమో దానంతటదే బయటపడింది. ఖరీదైన మెషీన్ ఏమీ లేకుండా, కాలనీ బతికిందా చచ్చిందా అన్న ఒక్క ప్రశ్నతో!

ఇక రెండోది, గేటును మార్చడం. వినడానికి ఇదే గొప్పగా ఉంటుంది. సిగ్నల్ చెడిపోయిన ప్రోటీన్లను కూడా మళ్లీ బయటికి పంపే మ్యుటేషన్లు దొరికాయి, వాటికి పీఆర్ఎల్ అని పేరు పెట్టారు. అందులో పీఆర్ఎల్‌ఏ అన్నది చివరికి సెక్‌వై జన్యువే అని తేలింది. 2004లో సెక్‌వై ఆకారం స్ఫటికంలో కనబడ్డాక కారణమూ స్పష్టమైంది: ద్వారానికి మధ్యలో సన్నటి ఇరుకు, దాని కింద ఒక బిరడా ఉన్నాయి, ఈ మ్యుటేషన్లలో చాలా భాగం ఆ పరిసరాల్లోనే పడి ద్వారాన్ని కాస్త వదులు చేస్తాయి. అలాంటి కణాల్లో సిగ్నల్ ముక్క మొత్తం తీసేసిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా కొంత బయటికి పోయింది. చదువుకోవడానికి అద్భుతం, ప్రాజెక్టుకు తలనొప్పి. ఎందుకంటే ఈ యంత్రంలో భాగాలు కణం బతకడానికే అవసరం, గట్టిగా చెడగొడితే కాలనీయే రాదు, అందుకే షరతులతో పనిచేసే మ్యుటేషన్లు వాడాలి. సెక్‌ఏ 51 అనే మ్యుటెంట్ 30 డిగ్రీల దగ్గర పెరుగుతుంది, 42 దగ్గర పెరగదు. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం గుంటూరు ల్యాబ్ టేబుల్ మీద దీన్ని ఉంచారంటే మీ ప్రయోగం మీకు చెప్పకుండానే మొదలైపోతుంది. సెక్‌వై, దానికి జతగా ఉండే సెక్‌ఈ మ్యుటెంట్లలో కొన్ని ఇందుకు తలకిందులు, చలికి పడిపోతాయి, వాటికి చల్లబరిచే బీఓడీ ఇంక్యుబేటర్ కావాలి, అది ఎవరి ల్యాబ్‌లో ఖాళీగా ఉంటుందో మీకే తెలియాలి.

మూడోది యూవీ. చవక, ప్రైమర్లు (కావాల్సిన చోట మార్పు చేయడానికి వాడే డీఎన్ఏ తునకలు) కొనక్కర్లేదు, దీపం ఎలాగూ లామినార్ క్యాబినెట్‌లో ఉంది. రింగు పెద్దదైన కాలనీ దొరకొచ్చు కూడా. దొరికాక చిక్కు. రింగు పెద్దదైతే స్రావం మెరుగైందని అర్థమా? ప్రోటియేజ్ తయారీయే పెరిగి ఉండొచ్చు. బాసిల్లస్ సబ్టిలిస్‌లో డెగ్‌యూ 32 అని పాత మ్యుటేషన్ ఒకటుంది, డెగ్‌యూ అనే ప్రోటీన్ 12వ స్థానంలో హిస్టిడిన్ పోయి ల్యూసిన్ వస్తుంది, ప్రోటియేజ్ విపరీతంగా పెరుగుతుంది, కానీ మారింది ఉత్పత్తిని నడిపే స్విచ్చే తప్ప ద్వారం కాదు. పైగా ఆ మ్యుటెంట్‌కు కశాభాలు, అంటే ఈదడానికి వాడే తోకల్లాంటివి, కూడా ఉండవు. కాబట్టి రింగు పెరిగిన కాలనీ కదలడం మానేసిందేమో మైక్రోస్కోప్‌లో ఓసారి చూడండి, అనుమానం ఎటు పోవాలో తెలుస్తుంది. ఇంకో సంగతి, కణాలు పగిలిపోయి లోపలిదంతా బయటికి కారినా రింగు పెరగొచ్చు. లోపలే ఉండాల్సిన గ్లూకోజ్ 6 ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైమ్ మీడియంలో దొరికితే అది స్రావం కాదు, చావు. ఈ ఒక్క పరీక్ష చేసిన రిపోర్టులు తక్కువే కనిపిస్తాయి.

సిగ్నల్ ముక్క మార్చడం కూడా లాటరీ కాదా అంటే, కొంత అవును. బాసిల్లస్ సబ్టిలిస్‌లోని 173 సిగ్నల్ పెప్టైడ్‌లను ఒక్కొక్కటిగా క్యూటినేజ్ అనే ఎంజైమ్ ముందు తగిలించి 2006లో ఒక బృందం చూసింది, ఆ ఎంజైమ్‌కు బాగా కుదిరినవి ఇంకో ఎంజైమ్‌కు కుదరలేదు. ఫలానా ముక్క అన్నింటికీ బెస్ట్ అని ఎవరైనా చెప్తే నమ్మకండి. అయినా ఇక్కడ ఓడిపోయినా ఎక్కడ ఓడామో తెలుస్తుంది, మార్పు ఒక్క జన్యువులోనే ఉంది కాబట్టి.

పని ఈ. కోలైలో చేస్తుంటే మాత్రం ఒక జాగ్రత్త: సెక్ దారి రెండు పొరల మధ్య ఖాళీ దాకానే తీసుకెళ్తుంది, బయటి పొర అలాగే ఉంటుంది. రింగు కావాలంటే ఒకే పొర ఉన్న బాసిల్లస్ మేలు. లోపలే ముడుచుకోవాల్సిన ఎంజైమ్ అయితే సెక్ కాకుండా, ముడుచుకున్న ప్రోటీన్లను పంపే టాట్ అనే ఇంకో దారి చూడాలి, దానికి సిగ్నల్‌లో జంట ఆర్జినిన్‌లు ఉండాలి, ఆ రెంటినీ లైసిన్‌లు చేస్తే రవాణా ఆగిపోతుంది. మంచి నెగటివ్ కంట్రోల్ అది.

చేతిలో నెల రోజులే ఉండి, గైడ్ యూవీయే అంటే, కాదనకండి. దీపం కింద నుంచి తీసిన ప్లేట్లను చీకట్లో ఉంచండి, లేదంటే చాలా బాక్టీరియాలు మామూలు వెలుగులోనే డీఎన్ఏ బాగు చేసుకుంటాయి. దొరికిన కాలనీ నుంచి ప్రోటియేజ్ జన్యువును, దాని సిగ్నల్ భాగంతో సహా పీసీఆర్ చేసి సీక్వెన్సింగ్‌కు పంపండి. అక్కడ ఏ మార్పూ లేకపోతే థీసిస్ టైటిల్‌లో "స్రావం" అన్న మాట తీసి "ఉత్పత్తి" అని రాసుకోవడం భద్రం.