ప్లాస్టిక్ కిట్లకు ఏ గమ్ము? నల్లగొండ ఎండల్లో టామియా ఎక్స్‌ట్రా థిన్, తక్కినవాటి పనితనం

ఒక థర్మోకోల్ ముక్క మీద, బొమ్మ కిట్లు అతికించే టామియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ ఒక్క చుక్క వేసి చూడండి. చుక్క పడ్డచోట కరిగి కళ్ళముందే గుంట పడుతుంది. పక్కనే ఫెవికాల్ చుక్క వేస్తే అది తెల్లగా అట్లే కూర్చుంటుంది. విడి ముక్కలు అతికించి కట్టే బొమ్మ విమానాలు, ట్యాంకుల కిట్లలో వచ్చే బూడిదరంగు ప్లాస్టిక్, ఈ థర్మోకోల్ రెండూ ఒకటే సరుకు, పాలిస్టైరీన్. ఒకదాన్ని ఉబ్బించి తేలిక చేశారు, ఇంకోదాన్ని అచ్చులో గట్టిగా పోశారు. కిట్ సిమెంట్ చేసే పని అంటించడం కాదు, కరిగించడం. రెండు అంచులూ కాస్త కరిగి ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. కరిగించిన ద్రవం ఎగిరిపోయాక మధ్యలో గమ్ము పొరంటూ ఉండదు, మిగిలేది ప్లాస్టిక్కే. అందుకే సరిగా వేసిన అతుకు లాగితే ఊడదు. విరిగితే పక్కన ప్లాస్టిక్ విరగాలి.

నల్లగొండ ప్రకాశం బజార్లో ఏ ఫ్యాన్సీ షాపులో "ప్లాస్టిక్ అంటించే గమ్ము" అని అడిగినా చేతికిచ్చేది ఫెవిక్విక్. దాంతోనే కిట్ మొత్తం కట్టి, ఆర్నెల్లకు రెక్క ఊడిందని బాధపడేవాళ్ళు చాలామంది. అసలు కావాల్సిన సీసా హైదరాబాద్ హాబీ షాపుల నుంచో, ఆన్‌లైన్లోనో తెప్పించుకోవాలి. మండే ద్రవం కాబట్టి విమానంలో పంపరు, రోడ్డు మీదనే వస్తుంది. కిట్‌తో పాటే ఆర్డర్ పెట్టుకోండి. డబ్బా విప్పగానే మూత చుట్టూ తడి ఉందా, సీసాలో మట్టం తగ్గిందా చూడండి. కారిన సీసా తీసుకోవద్దు, ఎందుకో కింద చెప్తాం.

ఎక్స్‌ట్రా థిన్ 40 మి.లీ. గాజు సీసాలో వస్తుంది, ముదురు ఆకుపచ్చ మూత, మూతకే సన్నటి బ్రష్. లోపల ఉన్నది ప్రధానంగా రెండు ద్రవాలు, అసిటోన్, బ్యూటైల్ అసిటేట్. అసిటోన్ 56 డిగ్రీలకు మరుగుతుంది, బ్యూటైల్ అసిటేట్ 126 డిగ్రీలకు. మూత తీసిపెట్టినా, సీసా కారినా ముందు ఎగిరిపోయేది అసిటోనే. మిగిలింది కూడా అంటుతుంది కానీ ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. సగం వాడిన సీసా నిదానించిందంటే కారణం ఇదే, సరుకు చెడిపోయిందని పారబోయకండి.

వాడే తీరు మామూలు గమ్ముకు పూర్తిగా తలకిందులు. మామూలుగా ముందు పూసి తర్వాత అతికిస్తాం. ఇక్కడ ముందు రెండు ముక్కలూ కలిపి పట్టుకుని, తర్వాత అతుకు గీత మీద బ్రష్ ఆనించాలి. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఆ సన్నటి సందు ద్రవాన్ని తనే లోపలికి లాక్కుంటుంది.

ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1:72 (అసలులో 72వ వంతు సైజు) న్యాట్ యుద్ధ విమానం కిట్‌నే తీసుకుందాం. 1965, 1971 యుద్ధాల్లో మన వైమానిక దళం ఒంటి సీటు న్యాట్‌లు నడిపింది, కిట్లో వచ్చేది మాత్రం బ్రిటిష్ వాళ్ళ రెండు సీట్ల శిక్షణ విమానం. చిన్నది, ధర తక్కువ, చేయి తిరగడానికి మంచి కిట్. ముక్కల మీద అచ్చు నూనె జిడ్డు ఉండొచ్చు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి కడగండి. చివరి కడుగు మాత్రం ఫిల్టర్ నీళ్ళతో. మన బోరు నీళ్ళు ఆరితే అద్దం ముక్కల మీద తెల్ల మరకలు మిగుల్తాయి. ముక్కలు అంటుకుని వచ్చే ఫ్రేమ్ నుంచి నిప్పర్‌తో (చిన్న కటింగ్ ప్లయర్) కోసేటప్పుడు ఒక మిల్లీమీటరు కాడ వదిలి, అది బ్లేడుతో చెక్కాలి. ఇగ సిమెంట్ లేకుండా రెండు సగాలూ కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టండి. వెలుగు కనిపించిన చోటల్లా సందు ఉన్నట్టే. రెండు సగాలూ కుదరడానికి లోపల ఉండే పిన్ను పొడుగై అడ్డుపడుతుంటే చెక్కేయాలి. ఈ పది నిమిషాలు పెట్టినవాళ్ళకు తర్వాత పుట్టీ పని సగం తప్పుతుంది.

తర్వాత మూడు నాలుగు చోట్ల మాస్కింగ్ టేపు వేసి బిగించండి. టేపు అతుకును అడ్డంగా దాటేచోట కింద సన్న సందు వదలాలి. లేకపోతే సిమెంట్ టేపు కిందికి పాకి ప్లాస్టిక్ మీద దాని అచ్చు దింపుతుంది. బ్రష్‌ను సీసా మూతి లోపలి అంచుకు ఒత్తి తీసి, అతుకు మీద ఒక్కచోట ఆనించి ఎత్తండి. తడి గీత మీద పరుగెత్తడం కనిపిస్తుంది. అది ఆగినచోట మళ్ళీ ఆనించాలి. బ్రష్‌ను గీత వెంబడి రుద్దడం ఎక్కువమంది చేసే తప్పు, పక్కనున్న ప్యానెల్ గీతలు, రివెట్లు కరిగిపోయేది దాంతోనే. ఒక పది సెకన్లు ఆగి రెండు సగాలనూ మెల్లగా ఒత్తితే, గీత పొడవునా సన్నటి పూసలా కరిగిన ప్లాస్టిక్ పైకి ఉబుకుతుంది. ఆ పూస కావాలి. ఆరాక దాన్ని గీకేస్తే అతుకు మాయమవుతుంది. పూస రాని చోట సందు మిగిలిందని అర్థం.

వేళ్ళు ఎక్కడ పెట్టారన్నది కూడా చూసుకోవాలి. గీత మీద వేలుంటే సిమెంట్ వేలి కిందికి చేరి మీ వేలిముద్ర ప్లాస్టిక్‌లో శాశ్వతంగా దిగుతుంది. అప్పుడు కంగారుగా తుడవకండి, తుడిస్తే అలుక్కుపోతుంది. వేలు నెమ్మదిగా తీసి, ఒకరోజు ఆరనిచ్చి వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) గీకితే చాలామటుకు పోతుంది.

పది నిమిషాల్లో పట్టుకోవడానికి గట్టిగా అనిపించినా లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. కనీసం 24 గంటలు ఆగాలి, మందమైన అతుకులకు రెండు రోజులు. తొందరపడి గీకితే ఆరోజు నున్నగా కనిపించి, రంగు వేశాక వారానికి అతుకు గీత మళ్ళీ పల్లంగా తేలుతుంది. లోపల మిగిలిన ద్రవం ఎగిరిపోతూ ప్లాస్టిక్‌ను కిందికి గుంజడమే దానికి కారణం. గీకడం 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 800, 1000 దాకా తడిపి చేయండి. ఇది పెయింట్ షాపుల్లో ఎక్కడైనా దొరుకుతుంది.

కంపెనీ సూచనలేవీ నల్లగొండ మే నెలను దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు, రేకుల గదిలో మధ్యాహ్నం బ్రష్ సీసా నుంచి అతుకు దాకా వచ్చేలోపే సగం ఆరిపోతుంది. సందులోకి పాకాల్సిన సిమెంట్ రెండు సెంటీమీటర్లకే ఆగుతుంది, పూస రాదు, అతుకు పైపైన పట్టి తర్వాత చిట్లుతుంది. ఎండాకాలం ఉదయం తొమ్మిదిలోపు కూర్చోండి. ఒక్కసారికి మూడు సెంటీమీటర్లకు మించి పెట్టుకోవద్దు, ఒకేచోట రెండుసార్లు ఆనించండి. ఫ్యాన్ నేరుగా బల్ల మీదికి వద్దు, కిటికీ మాత్రం తెరవాల్సిందే. ఈ ఆవిరి పీల్చితే తలనొప్పి, మత్తు. అగరుబత్తి, దోమల చుట్ట, గ్యాస్ పొయ్యి దగ్గర్లో ఉండకూడదు. అసిటోన్ ఆవిరి నిప్పును వెతుక్కుంటూ పోయేంత దూరం పాకుతుంది.

లేత ఆకుపచ్చ మూతతో వచ్చే క్విక్ సెట్టింగ్ రకం ఇంకా తొందరగా ఆరుతుంది. చలికాలంలో, చిన్న ముక్కలకు బాగుంటుంది. ఎండాకాలంలో రెక్కలు, పొట్ట అతికించడానికి దాన్ని కొనమని చెప్పలేం. తెల్ల మూత టామియా సిమెంట్‌లో ద్రవంతో పాటు రెసిన్ కూడా కలిపి ఉంటుంది కాబట్టి చిక్కగా ఉంటుంది. ఇది ముందు పూసి తర్వాత కలపాల్సిన రకం. ట్యాంకు చక్రాలు, కాక్‌పిట్ నేల, బయటికి కనిపించని పెద్ద ముఖాలకు ఎండల్లో ఇదే నయం, ముక్కను సరిచేసుకునే వ్యవధి ఇస్తుంది. నారింజ తొక్కల్లో ఉండే లిమోనీన్‌తో చేసిన రకం వాసన తక్కువ, ఆరడం నిదానం. ఘాటు పడనివాళ్ళు, పిల్లలున్న ఇళ్ళవాళ్ళు దాన్ని చూడొచ్చు. అది కూడా మండేదే.

రెవెల్ కాంటాక్టా ప్రొఫెషనల్ 25 గ్రాముల డబ్బాకు సన్నటి లోహపు సూది ఉంటుంది. చుక్క కొలిచినట్టు పడుతుంది, సందు కొస దాకా చేరుతుంది. దీని జబ్బు సూది మూసుకుపోవడం. సూదిని లైటర్‌తో వేడిచేసి తెరిచేవాళ్ళున్నారు, మండే ద్రవం పక్కన ఆ పని వద్దు. సన్నటి స్టీలు తీగ ఎక్కించి వదిలేస్తే చాలు. ఇక ఎయిర్‌ఫిక్స్ స్టార్టర్ సెట్‌తో వచ్చే చిన్న ట్యూబు సిమెంటు దారాలు సాగుతుంది. టూత్‌పిక్ కొసతో ఎత్తి పెడితే పని జరుగుతుంది, ట్యూబు నేరుగా ఒత్తితే కిట్ ఆగమవుతుంది.

ఫెవిక్విక్‌ను పనికిరాదని తీసిపారేయడం అన్యాయం. పాలిస్టైరీన్ కాని వాటికి అదే దిక్కు. రేకు ముక్కలు, రెసిన్ సీట్లు, లోహపు గొట్టాలు ఏ కిట్ సిమెంటుకూ కరగవు. చిన్న ట్యూబు నుంచి పాత బాటిల్ మూతలో ఒక చుక్క పిండి, సన్నటి తీగతో ఆ చుక్క నుంచి కొంచెం తీసుకుని పెట్టాలి. ఇది గాలిలో తేమతో గట్టిపడే రకం. కూలర్ నడుస్తున్న గదిలో, మృగశిర తర్వాత వానల్లో చాలా తొందరగా పట్టేస్తుంది. దీని అతుకు నిలువు లాగుడుకు ఆగుతుంది కానీ పక్క దెబ్బకు పెళుసుగా పుటుక్కున ఊడుతుంది. విమానం కాళ్ళకు, రెక్కలకు వద్దనేది అందుకే. సందులు నింపడానికి వాడితే గంటలోపే గీకేయండి. తెల్లారి గీకబోతే అది ప్లాస్టిక్ కంటే గట్టిపడి, చుట్టుపక్కల ప్లాస్టిక్ అరుగుతుంది, గమ్ము గుట్టలా మిగుల్తుంది. కారిందని దూదితోనో నూలు గుడ్డతోనో తుడవొద్దు. నూలు తగిలితే చేయి కాలేంత వేడి పుడుతుంది. వేళ్ళు అంటుకుంటే గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెట్టండి.

కాక్‌పిట్ అద్దం దగ్గరికి మాత్రం ఫెవిక్విక్ రానీయొద్దు. దాని ఆవిరి అద్దం మీద తెల్లటి మబ్బులా పేరుకుంటుంది. కిట్ సిమెంటు పడితే అద్దం కరిగి మసకబారుతుంది. ఇక్కడ పనికొచ్చేది కిరాణా షాపులో దొరికే తెల్ల ఫెవికాల్. టూత్‌పిక్‌తో అంచు చుట్టూ సన్నగా పెట్టి అద్దం ఆనించి, ఎక్కువైంది తడి బ్రష్‌తో తుడిచేయండి. ఆరాక పారదర్శకమవుతుంది, మూల సందులు కూడా నింపుతుంది. అద్దం మీద చుక్క పడ్డా నీళ్ళతో పోతుంది.

అదే ఫెవికాల్ ముక్కు బరువుకు పనికిరాదు. ముందు చక్రం ఉన్న విమానాలు చాలావరకు తోక మీద కూలబడకుండా ముక్కులో బరువు పెట్టాలి. సాగర్ వైపు చేపల వలలకు కట్టే సీసపు గుండ్లు ఇందుకు బాగుంటాయి. మూసిన ముక్కులో సీసాన్ని ఫెవికాల్‌తో పెడితే సీసం మెల్లగా తెల్ల పొడిగా మారుతూ ఉబ్బుతుంది, కొన్నేళ్ళకు ముక్కు అతుకు పగలగొట్టుకుని బయటికొస్తుంది. అరాల్డైట్ రెండు ట్యూబులూ సమానంగా కలిపి దాంతో పెట్టండి.

వాడకూడనివి కొన్ని. పైపులకు వేసే పీవీసీ సొల్యూషన్ పాలిస్టైరీన్‌ను అదుపు లేకుండా తింటుంది. ఫెవిబాండ్ లాంటి రబ్బరు గమ్ము దారాలు సాగి పొర మిగుల్తుంది, సన్న పనికి పనికిరాదు. బోర్డులు చేసేవాళ్ళు యాక్రిలిక్ అక్షరాలకు వాడే క్లోరోఫాం కిట్‌ను అంటిస్తుంది కూడా, కానీ కాలేయానికి విషం, ఇంట్లోకి తేవొద్దు. మందుల షాపు అసిటోన్‌తో సీసా నింపుకుంటే మరీ తొందరగా ఆరి ప్లాస్టిక్ తెల్లబారుతుంది.

గుండమ్ రోబో బొమ్మలు కట్టేవాళ్ళకు ఒక హెచ్చరిక. వాటిని చేసే బందాయ్ కంపెనీ కిట్లు గమ్ము లేకుండా నొక్కి బిగించేవే, సిమెంటు అవసరమయ్యేది అతుకు గీతలు మాయం చేయాలనుకుంటేనే. కీళ్ళ దగ్గర ఏబీఎస్ అనే వేరే రకం ప్లాస్టిక్ ఉండొచ్చు, ఎక్స్‌ట్రా థిన్ అక్కడికి పాకితే ఆ కీలు బిగువు మీద పగులుతుంది. ఫ్రేమ్ మీద ప్లాస్టిక్ పేరు అచ్చేసి ఉంటుంది, చదివి వేయండి. కీళ్ళ లోపల పెట్టే మెత్తటి ప్లాస్టిక్ ముక్కలకు (పాలీక్యాపులు) ఏ గమ్మూ పట్టదు.

రంగు వేసిన ముక్కలైతే అతుకు అంచుల మీద రంగు గీకి, ప్లాస్టిక్ బయటపడ్డాకే సిమెంటు. క్రోమ్ పూత ఉన్న కారు బంపర్లకూ ఇదే.

సీసా అడుగున పావు వంతు మిగిలాక దాన్ని దాచండి. అదే కిట్ ఫ్రేమ్ ముక్కలను గోరంత ముక్కలుగా కోసి అందులో వేసి రెండు రోజులు వదిలితే అంబలి చిక్కదనానికి వస్తుంది. కిట్ రంగే, కిట్ ప్లాస్టికే, రెక్క మొదట్లో సందులకు దీన్ని మించిన పుట్టీ లేదు. గుంజుకుపోతుంది కాబట్టి కొంచెం ఎత్తుగా పెట్టి, మూడు రోజులు ఆగి గీకండి. మిల్లీమీటరు దాటిన సందుకు మాత్రం ఎం-సీల్ మేలు.

తెరిచిన సీసాను చేయి తగిలించి పడేయడం మామూలే, 40 మి.లీ. ఒక్కసారిగా కిట్ మీద పడితే మిగిలేదేమీ ఉండదు. పాత హవాయి చెప్పు అడుగు ముక్కలో సీసా అడుగంత రంధ్రం కోసి అందులో నిలబెట్టండి. థర్మోకోల్ దిమ్మె మాత్రం వద్దు, మొదట్లో చూసిన గుంట గుర్తుంది కదా.