స్మార్ట్‌వాచ్‌లో ఏవి కలిశాయి, ఏవి కలవలేదు: కొన్నేళ్ళ వాడకం తర్వాత

నా వాచీ కంపెనీ పేరు చెప్పను. ఇక్కడ రాసేది చాలా వాచీలకు వర్తిస్తుంది. ఫీచర్ల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. నేను చూసింది వేరే సంగతి: గడియారం, ఫోన్, వైద్య పరికరం, నెలవారీ చందా వ్యాపారం, ఈ నాలుగూ ఒకే పట్టీ మీద నిజంగా కలిశాయా, లేక పక్కపక్కన కూర్చున్నాయా?

పరుగు విషయంలో నిజంగానే కలిశాయి. వాచీ వెనక ఉన్న పచ్చ లైటు చర్మంలోకి వెళ్తుంది. రక్తం ఆ వెలుగును ఎంత పీల్చుకుందో చూసి వాచీ నాడి లెక్కడుతుంది. చెయ్యి ఊగితే ఆ లెక్క చెడుతుంది. అయితే ఊపును కొలిచే సెన్సర్ కూడా లోపలే ఉంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ ఆ ఊపు వల్ల వచ్చిన తేడాను చాలావరకు తీసేస్తుంది. దీనికి జీపీఎస్ తోడైతే ఏ ఎత్తు దగ్గర ఆయాసపడ్డానో ఇంటికొచ్చాక చూసుకోవచ్చు. బరువులెత్తేటప్పుడు మాత్రం దీన్ని నమ్మను. పిడికిలి బిగించగానే అంకెలు గాడి తప్పుతాయి. అప్పుడు ఛాతీకి కట్టుకునే పట్టీయే నయం.

వైద్యం దగ్గరికొస్తే కథ మారుతుంది. 2018లో వచ్చిన యాపిల్ వాచ్ సిరీస్ 4 ఈసీజీకి అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పరిశీలించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికాక మిగతావాళ్ళూ అదే బాట పట్టారు. ఆసుపత్రిలో తీసేది 12 లీడ్ల ఈసీజీ, అంటే గుండె విద్యుత్తును 12 కోణాల నుంచి చూస్తుంది. వాచీది ఒకటే లీడ్. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పిన స్థితిని పసిగట్టగలదు గానీ గుండెపోటును కాదు. ఒక రాత్రి ఈసీజీ తీస్తే నా వాచీ 'తేల్చలేకపోయాం' అంది. తెల్లారేదాకా టెన్షన్. డాక్టరు వాచీ ఇచ్చిన ఈసీజీ పీడీఎఫ్ ఒక్కసారి చూసి, "ఇక్కడ మళ్ళీ తీద్దాం" అన్నారు. నేనైనా అదే చేసేదాన్ని. అంకె చూపించడం వాచీ పని, దాని అర్థం చెప్పే బాధ్యత మాత్రం ఎవరిదో తెలీదు.

కంపెనీల మధ్య కూడా పొత్తు అంత సులువుగా లేదు. వైద్య పరికరాలు చేసే మాసిమోతో పేటెంట్ తగాదా వల్ల 2024 జనవరి నుంచి 2025 ఆగస్టు దాకా యాపిల్ అమెరికాలో రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఫీచర్ లేకుండానే కొత్త వాచీలు అమ్మాల్సి వచ్చింది.

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించింది ఆయుష్షు. మామూలు క్వార్ట్జ్ గడియారంలో చిన్న బిళ్ళ బ్యాటరీ ఏళ్ళ తరబడి వస్తుంది, అయిపోతే మార్చుకుంటాం. నా వాచీలో బ్యాటరీ లోపలే అతికించి ఉంది. ఇప్పుడు సాయంత్రానికే నీరసిస్తోంది. నిద్ర కొలవాలంటే రాత్రి చేతికి ఉండాలి, ఛార్జింగూ రాత్రే పెట్టాలి! ఈలోగా అప్‌డేట్లు ఆగాయి, వివరమైన నిద్ర రిపోర్టు చందా కట్టినవాళ్ళకే అన్నారు. సెన్సర్లు ఇంకా బాగానే ఉన్నా, ముందుగా చచ్చే భాగమే మొత్తం వాచీకి గడువు పెడుతోంది.

మళ్ళీ కొంటానా? పరుగు కోసమైతే కొంటాను. ఈసీజీ కోసం ఎక్కువ పెట్టను. బ్యాటరీ మార్చే వీలుందా, అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారు, చందా లేకుండా నా డేటా బయటికి తీసుకోవచ్చా అని మాత్రం ముందే అడుగుతాను.