డౌన్‌లోడ్ బటన్ మీద నా కోపం: పాటల యాప్‌ను ఏళ్లుగా వాడిన తర్వాత

నేను డబ్బు కట్టి వాడుతున్న పాటల యాప్ పేరు ఇక్కడ అనవసరం. నా కోపం దాని డౌన్‌లోడ్ బటన్ మీద. ఆ బటన్ మిగతా యాపుల్లోనూ ఇంచుమించు ఇలాగే పనిచేస్తుంది. నెలకు ఎంత, ఎన్ని కోట్ల పాటలు, తెర ఎలా ఉంటుంది అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. డబ్బు నాది, డేటా నాది, పాట దిగిన ఫోనూ నాదే. అయినా ఆ పాట ఎప్పుడు మోగాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది మాత్రం ఎక్కడో ఉన్న సర్వర్. ఇన్నేళ్లు వాడినా నాకు మింగుడుపడనిది ఇదొక్కటే.

నాకు కొత్త పాటల పిచ్చి. పాట విడుదలైన సాయంత్రమే వినాలి. రెండోసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని బేస్ గిటార్ ఎక్కడ మలుపు తిరిగింది, కోరస్‌లో గొంతులు ఎడమ నుంచి ఎన్ని, కుడి నుంచి ఎన్ని అని వెతుక్కోవాలి. అనంతపురం నుంచి బెంగళూరుకు రైల్లో తరచూ తిరిగే ఉద్యోగం కాబట్టి, ముందురోజు రాత్రే ఇంట్లో వైఫై మీద ఆల్బమ్ దించిపెట్టుకుంటాను. ధర్మవరం దాటాక సిగ్నల్ వచ్చినా పోయినా పాట ఆగదు. ఆ పనికి ఈ బటన్‌ను వంక పెట్టలేను.

గొడవంతా మా చిన్నాయన కూతురి పెళ్లిలో వచ్చింది. పెళ్లి పెన్నహోబిలంలో. మా వైపు రిసెప్షన్ ముహూర్తానికి ముందురోజు రాత్రే జరుగుతుంది. పెళ్లికూతురు స్టేజీ మీదికి వచ్చేటప్పుడు ఏ పాట ఉండాలో మా చెల్లెలే ఏరుకుంది, అన్నీ అప్పటికి కొత్తగా వచ్చినవే. పాటల బాధ్యత నాకిచ్చారు. కాల్స్ వచ్చి స్పీకర్లలో రింగ్‌టోన్ మోగకూడదని సిమ్ లేని పాత ఫోన్లో లిస్టంతా దించి, వరుస పెట్టి, ఒక్కొక్కటీ మోగించి చూసి పక్కన పెట్టాను. తర్వాత పెళ్లి పనుల్లో పడ్డాం. ఆ ఫోన్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

ఆ రాత్రి సౌండ్ సర్వీసు అబ్బాయి మిక్సర్ ముందు కూర్చుని, "పెన్ డ్రైవ్ ఇయ్యన్నా, ఫోన్ వద్దు" అన్నాడు. యాప్‌లో దిగిన పాటను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించే దారే లేదు. కంప్యూటర్‌కు తగిలించి ఫోన్ మెమరీలోకి వెళ్లి చూసినా పాట పేరు కనిపించదు, అర్థంకాని అక్షరాలూ అంకెలూ ఉన్న ముక్కలు ఉంటాయి. ఫైల్ మొత్తం సంకేతాల్లో బంధించి ఉంటుంది, దాన్ని తెరిచే తాళంచెవి యాప్ దగ్గరే ఉంటుంది, ఆ తాళంచెవికి గడువు ఉంటుంది. అందుకని వైరు పెట్టి ఫోన్‌నే మిక్సర్‌కు కలిపాం.

చెల్లెలు పూలపందిరి కింద నిలబడింది. లైట్లు తగ్గించారు. ప్లే నొక్కాను. లిస్టులో ఉన్న పాటలన్నీ బూడిదరంగుకు తిరిగిపోయి ఉన్నాయి. నెట్‌కు తగిలి ముప్పై రోజులు దాటింది కాబట్టి ఆన్‌లైన్‌లోకి వచ్చి సరిచూసుకోవాలట. పక్కనున్న బావమరిది ఫోన్ నుంచి హాట్‌స్పాట్ తీసుకున్నాను. ఆ కొండల మధ్య సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప. లాగిన్ అయ్యేసరికి పాటలన్నీ మళ్లీ మొదటి నుంచి దిగడం మొదలుపెట్టాయి. మైకులో ఫొటోగ్రాఫర్ "రెడీనా?" అంటున్నాడు. వెనక నుంచి చిన్నాయన "ఏమైందప్పా, పాట పెట్టరేమి?" అని కేకేశాడు. పెళ్లికూతురు అలాగే నిలబడి ఉంది.

సౌండ్ అబ్బాయి నాతో ఏమీ అనకుండా జేబులోంచి తన పెన్ డ్రైవ్ తీసి గుచ్చాడు. అదే పాట. పల్లవికి ముందు ఏదో వెబ్‌సైట్ పేరు చెప్పే గొంతు వినిపించింది. తాళాలు, గజ్జెల శబ్దం అంతా మొద్దుబారి ఉంది, తక్కువ బిట్‌రేట్, అంటే బాగా కుదించిన ఫైల్ అని నాకు వెంటనే తెలిసిపోయింది. కానీ మోగింది. పెళ్లికూతురు నడిచింది, జనం చప్పట్లు కొట్టారు.

ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టని విషయం ఒకటుంది. మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 కింద పెళ్లి ఊరేగింపులోనూ, పెళ్లికి సంబంధించిన వేడుకల్లోనూ పాట వేస్తే ఉల్లంఘన కాదు. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం కూడా అదే మాట మళ్లీ ప్రకటనగా ఇచ్చింది. చట్టం ఒప్పుకున్న చోట యాప్ ఒప్పుకోలేదు. డబ్బు కట్టినవాడి పాట ఆగింది, ఏదో వెబ్‌సైట్ నుంచి పెన్ డ్రైవ్‌కు ఎక్కించిన పాట మోగింది. ఆ తాళం ఆపింది నన్నే, దొంగ కాపీని కాదు. పోనీ తాళం పగలగొడదామా అంటే, అదే చట్టంలో 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఏ ప్రకారం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అలా చేస్తే రెండేళ్ల దాకా జైలు ఉంది. నాకు ఆ ఉద్దేశం లేదు, ఆ దారీ వద్దు. పాట చేసినవాళ్లకు డబ్బు చేరాలనే కదా ఇన్నేళ్లుగా కడుతున్నది.

ఈ తాళాల కథ పాతదే. 2002లో కొన్ని సీడీలకు పెట్టిన రక్షణను డిస్కు అంచున మామూలు మార్కర్ పెన్నుతో గీత గీసి దాటేశారు. 2005లో సోనీ బీఎంజీ కంపెనీ సీడీలు కొన్నిటిని కంప్యూటర్‌లో పెడితే విండోస్ లోపల కనిపించకుండా దాక్కునే రూట్‌కిట్ అనే ప్రోగ్రామ్ చేరేది. మార్క్ రసినోవిచ్ అనే కంప్యూటర్ నిపుణుడు దాన్ని బయటపెట్టాక ఆ డిస్కులను కంపెనీ వెనక్కి తీసుకోక తప్పలేదు. 2009 జనవరికల్లా ఆపిల్ వాళ్ల పాటల దుకాణం ఐట్యూన్స్ తాను అమ్మే పాటలన్నిటికీ తాళం తీసేస్తున్నట్టు ప్రకటించింది. అమ్మే పాటకు తాళం కుదరదని అందరూ ఒప్పుకున్నారు అనుకునేలోపే నెలనెలా డబ్బు కట్టి నెట్ మీద వినే స్ట్రీమింగ్ యాపులతో అది దొడ్డిదారిన తిరిగొచ్చింది.

మన దగ్గర ఫ్లిప్‌కార్ట్ వాళ్లు 2012లో ఫ్లైట్ అని పాటల దుకాణం పెట్టి తాళం లేని ఎంపీ3లు అమ్మారు. 2013 జూన్‌లో మూసేశారు. దుకాణం పోయి పదేళ్లు దాటినా అప్పుడు కొన్న పాటలు నా హార్డ్ డిస్కులో చెక్కుచెదరలేదు, మా నాయన కారు స్టీరియోలో పెన్ డ్రైవ్ మీద ఇప్పటికీ మోగుతున్నాయి. స్ట్రీమింగ్ సంగతి అలా కాదు. 2023 మార్చిలో ఒప్పందం తెగితే జీ మ్యూజిక్ అనే ఆడియో కంపెనీ పాటలు స్పాటిఫై యాప్‌లో కనిపించకుండా పోయాయి. 2024 జనవరి ఆఖరుకు రెస్సో అనే పాటల యాప్ మన దేశంలో మూతపడింది, అదే ఏడాది వింక్ యాప్ కూడా. అక్కడ దించుకున్నవాళ్ల చేతిలో ఏం మిగిలింది?

ఇంత కోపంలోనూ నన్ను సంతోషపెట్టింది పాటలు అమ్మే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్. సొంతంగా పాటలు చేసుకునే కుర్రాళ్ల ఆల్బమ్ ఒకటి అక్కడ కొన్నాను. నాణ్యత తగ్గని ఫ్లాక్, వేవ్ ఫైళ్లు కావాలా, కుదించిన ఎంపీ3 కావాలా అని అడిగింది. పెట్టిన ధర కన్నా ఎక్కువ ఇచ్చే వీలుంటే ఎక్కువే ఇచ్చాను. లాప్‌టాప్ పాడైనప్పుడు లాగిన్ అయి మళ్లీ మొత్తం దించుకున్నాను, ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. ఫ్లాక్‌లో మృదంగం మీద వేలు జారిన శబ్దం కూడా విడిగా వినిపిస్తుంది. కానీ నేను వినే కొత్త సినిమా పాటలు అక్కడ ఉండవు. వాటి కోసం కంప్యూటర్‌లో ఐట్యూన్స్ స్టోర్ నుంచి కొన్ని కొన్నాను. అవి తాళం లేనివే, కాకపోతే 256 కేబీపీఎస్ బిట్‌రేట్‌కు కుదించినవి. ఆండ్రాయిడ్ ఫోన్ తప్ప ఇంకేమీ లేనివాళ్లకు ఆ దారి కూడా కష్టమే.

మొదట్లో ఈ యాప్ సౌండ్ గురించి కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. సౌండ్ ఇప్పటికీ బాగుంది, వైరున్న ఇయర్‌ఫోన్లతో వింటే. మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో అయితే లాస్‌లెస్ (నాణ్యత తగ్గించని సౌండ్) పెట్టినా దారిలో మళ్లీ కుదించుకుపోతుంది, అదనంగా డేటా ఖర్చు తప్ప తేడా దొరకదు. కొత్త పాట అదే రోజు రావడం మాత్రం నేను ముందు చెప్పినట్టే ఉంది.

బెంగళూరు రైలు తిరిగినన్నాళ్లు నేను దీన్ని ఆపను. ఇంట్లో అమ్మ కూడా ఇదే ఖాతాలో భక్తి పాటలు వింటుంది. ఎప్పుడూ నెట్ ఉండే ఊళ్లో, ఒకే ఫోన్‌తో వినేవాళ్లకు ఐదులో నాలుగు ఇస్తాను. కారు స్టీరియో, ట్రాక్టర్‌లో పెన్ డ్రైవ్, సిమ్ లేని పాత ఫోన్ ఉన్న మా లాంటి ఇళ్లకు రెండే. విడుదలైన రోజే తాళం లేని ఫ్లాక్‌ను ఏ ఆడియో కంపెనీ అమ్మినా సరే, మొదటి గంటలోనే కొంటాను.