నెలకు మూడొందలిచ్చే ఎనభై మందా, ఒకేసారి రెండు లక్షలిచ్చే ఒక్కరా?

చిన్న సంస్థ నడిపేవాళ్లు ఎక్కడ కలిసినా ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు కాబట్టి, మా అనుభవం మొత్తం ఒకచోట రాస్తున్నాను. మాది ఆదోని పక్కన ఒక సాయంత్రం బడి. రేకుల షెడ్డులో రోజూ ఐదు నుంచి ఏడున్నర దాకా 58 మంది పిల్లలు, ఇద్దరు టీచరమ్మలు. లెక్కలు రాసేది నేను. టీచర్లకు ఆరేసి వేలు, షెడ్డు అద్దె 3,000, పిల్లలకు బొరుగులు, గుగ్గిళ్లకు 6,000, నోటుబుక్కులు, కరెంటు, జిరాక్సులు అన్నీ కలిపి ఇంకో 3,000. నెలకు 24,000 అవుతుంది. బయటివాళ్లకు చిన్న మొత్తంగానే కనిపిస్తుంది కానీ ఒకటో తారీఖు దగ్గర పడేకొద్దీ నాకు పట్టే టెన్షన్ మాత్రం చిన్నది కాదు.

ముందు పెద్ద దాత సంగతి. ఒక సంవత్సరం ఒకాయన రెండు లక్షలు ఇచ్చారు, మేమంతా ఎగిరి గంతేశాం. అందులో సగానికి పైగా పెద్ద తెర, ప్రొజెక్టర్, ఆయన పేరుతో బోర్డుకు పోవాలన్నది ఆయన షరతు, సరేనన్నాం. మరుసటి ఏడు ఆయన వ్యాపారం దెబ్బతింది, డబ్బు ఆగిపోయింది. ఆయన తప్పేమీ లేదు. కానీ అప్పటికి ఆ ఒక్క డబ్బు మీదే బండి నడుస్తోంది, వేరేవాళ్లను అడిగే అలవాటే మాకు పోయింది, దాంతో టీచర్లకు మూడు నెలలు జీతం ఇవ్వలేకపోయాం. వాళ్లలో ఒకామె సాయంత్రం బడికి వచ్చే ముందు పత్తి మిల్లులో పని చేసి వచ్చేది. ఆమెను చూసి తలెత్తలేకపోయేవాణ్ణి.

కంపెనీల సిఎస్ఆర్ డబ్బు కూడా ఈ కోవలోకే వస్తుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి ఐదు కోట్ల నికర లాభం వచ్చినా, టర్నోవర్ వెయ్యి కోట్లున్నా, నికర ఆస్తుల విలువ 500 కోట్లున్నా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు తీసుకోవాలంటే 2021 ఏప్రిల్ నుంచి సంస్థ సిఎస్ఆర్-1 అనే ఫారంతో కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, మూడేళ్లు పని చేసిన చరిత్ర చూపించాలి. చేయించుకోండి, వద్దనను. కానీ నేను చూసినంతవరకు బెంచీలకు, బ్యాగులకు, కంప్యూటర్లకు దొరికినంత తేలిగ్గా టీచరు జీతానికి దొరకదు, మాలాంటి బడికి ప్రాణం ఆ జీతమే.

ఇక నెలకు మూడొందలు. 24,000ను 300తో భాగిస్తే 80 మంది. అంతమందిని పట్టుకోవడానికి మాకు ఏడాదిన్నర పట్టింది: పాత క్లాస్‌మేట్లు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే మా ఊరి పిల్లలు, ఒక మెడికల్ షాపాయన. ఇందులో పది మంది మానేస్తే 3,000 తగ్గుతుంది, అంటే షెడ్డు అద్దె పోతుంది, కష్టమే కానీ బడి మూతపడదు. యూపీఐ ఆటోపే, అంటే ప్రతినెలా ఖాతాలోంచి డబ్బు దానంతటదే వచ్చే ఏర్పాటు, పెట్టించినవాళ్లను ప్రతినెలా గుర్తు చేయనక్కర్లేదు, పెట్టించనివాళ్లలో మూడో వంతు మంది మర్చిపోతారు, అందుకే మొదటిసారే మొహమాటపడకుండా పెట్టించండి. ఇంకోటి, క్యూఆర్ కోడ్ బడి నడిపే సొసైటీ పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాదే ఉండాలి. ఎంత నమ్మకస్తుడైనా సరే ఒక మనిషి సొంత నంబరు పెట్టొద్దు, స్కాన్ చేయగానే సొంత పేరు కనిపిస్తే ఇచ్చే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, ఆగడం న్యాయమే.

80జి మినహాయింపు, అంటే విరాళమిచ్చినందుకు ఆదాయపు పన్నులో తగ్గింపు, ఉందా అని చాలామంది అడుగుతారు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అది వర్తించదు, పాత విధానంలో ఉన్నా నగదుగా ఇచ్చింది 2,000 దాటితే లెక్కలోకి రాదు. మూడొందలిచ్చేవాళ్లు దాని కోసం ఇవ్వరు, అయినా రసీదు మాత్రం ప్రతి రూపాయికీ ఇవ్వాలి.

ఆన్‌లైన్‌లో లింకు పెట్టి చందాలు పోగుచేయడం ఎలాంటిదంటే, ఒక్కసారి అవసరానికి బాగా పని చేస్తుంది. గాలివానకు మా షెడ్డు రేకులు లేచిపోయినప్పుడు 65,000 కావాలని పెడితే పదకొండు రోజుల్లో వచ్చేశాయి. పేర్లు చూసుకుంటే ముప్పావు వంతు మాకు ముందే తెలిసినవాళ్లు. వాళ్లను నేరుగా అడిగి ఉంటే ఆ లింకు నడిపే వెబ్‌సైటుకు పోయిన రుసుము మిగిలేది అనిపించింది. కాకపోతే ఎన్నడూ చూడని 14 మంది కూడా ఇచ్చారు, వాళ్లలో ముగ్గురు ఇప్పుడు మా నెలవారీ దాతలు. జీతాల కోసం మాత్రం అలా పెట్టొద్దు, ఊడిన పైకప్పు చూసి వెంటనే ఇచ్చేవాళ్లు ప్రతినెలా వచ్చే జీతం అవసరాన్ని చూసి అంత వేగంగా కదలరు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల గురించి జాగ్రత్త. డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు 500 డాలర్లు పంపుతానంటే వద్దని చెప్పాల్సి వచ్చింది, వాడికి కోపమొచ్చింది కూడా. వాడు అమెరికా పౌరుడైపోయాడు కాబట్టి వాడిచ్చేది విదేశీ విరాళమే అవుతుంది, ఇక్కడి బ్యాంకు ఖాతాలోంచి రూపాయల్లో పంపినా అంతే. అది తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సిఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్లలో కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి, మాది మూడేళ్లకు తొమ్మిది లక్షలు కూడా కాదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. అందుకే డబ్బు తీసుకునే ముందే ఏ పాస్‌పోర్టు అని అడుగుతాను.

అయితే ఆ 80 మంది నిలబడేది వాళ్లకు మేం పంపే వార్త వల్లే. మొదట్లో వాట్సాప్ గ్రూపు పెట్టాం. గుడ్ మార్నింగుల కింద మా వార్త మునిగిపోయేది, అంతకంటే బాధ ఏంటంటే ఒకరు 5,000 ఇచ్చానని అందులో రాస్తే వంద ఇచ్చే ఆవిడ ఆ నెల నుంచి ఇవ్వడం మానేసింది. అందుకే బ్రాడ్‌కాస్ట్‌కు మారాం, అందులో మన వార్త ఒక్కొక్కరికీ విడిగా పోతుంది. మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది కాబట్టి చందా తీసుకున్న రోజే వాళ్ల ఫోన్‌లో నంబరు సేవ్ చేయించాలి. పిల్లల మొహాలు పెట్టం, ఎప్పుడైనా పెట్టాల్సొస్తే అమ్మానాన్నల్ని అడిగి పెడతాం. ఏడుస్తున్న పిల్ల ఫొటోకు ఆ నెల నాలుగు డబ్బులు ఎక్కువే రావచ్చు, రేపు ఆ పిల్ల పెద్దయ్యాక ఊళ్లో ఆ ఫొటోతోనే తిరగాలి కదా.

మా వైపు సంక్రాంతి చుట్టుపక్కల చాలా కుటుంబాలు సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు మిరపకాయల కోతలకు, పిల్లల్ని వెంటబెట్టుకునే. పోయిన ఫిబ్రవరిలో హాజరు పట్టీలో 58కి 31 మందే. ఆ సంఖ్య రాస్తే దాతలు వెనక్కి తగ్గుతారేమోనని మాలో కొందరు భయపడ్డారు. నేను ఉన్నదున్నట్టే పంపించాను: "ఈ నెల 27 మంది సుగ్గికి పోయినారు. పోయేముందు టీచరమ్మ ఒక్కొక్కరికి రెండు నోటుబుక్కులు, ఎక్కాల పుస్తకం యూరియా సంచిలో చుట్టి, పైన మార్కర్‌తో పేరు రాసి ఇచ్చింది." దానికి వచ్చినన్ని ఫోన్లు ఏ పండగ ఫొటోకూ రాలేదు. ఒక పెద్దాయన ఆ పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారో కనుక్కుని అక్కడి బడికి పంపించవచ్చా అని అడిగారు, ఇద్దరి విషయంలో అది కుదిరింది కూడా.

ఏప్రిల్‌లో పంపిన వార్త ఇది: "సుగ్గి నుంచి 19 మంది తిరిగొచ్చినారు. 8 మంది ఇంకా రాలేదు, వాళ్ల పేర్లు పట్టీలో కొట్టెయ్యలేదు."