నల్లమలలో రెండు రోజులు, నీళ్ల కింది అడవి ముచ్చట

సంక్రాంతి దాటిన వారం దేవరకొండ నుంచి కారులో బయలుదేరాం. నేను, మా ఆవిడ, కాలిఫోర్నియా నుంచి వచ్చిన మా అక్క బిడ్డ. తను మాంటెరేలో ఉద్యోగం చేస్తుంది, సెలవు రోజుల్లో సముద్రంలో డైవింగ్‌కు వెళ్తుంది. "మామా, ఈసారి నాకు అడవి చూపియ్" అంది. డిండి మీదుగా అమ్రాబాద్ పులుల అభయారణ్యం దారి పట్టాం.

ముందు బస సంగతి చెప్పాలి, దెబ్బ తిన్నది అక్కడే. మన్ననూరులో అటవీ శాఖ కాటేజీలున్నాయి. మేం ఆలస్యంగా చూసేసరికి అన్నీ నిండిపోయాయి. ఒక ప్రైవేటు లాడ్జిలో ఫోన్లోనే రెండు రూములు మాట్లాడుకుంటే, వెళ్లాక ఒక్కటే ఇచ్చారు. గీజర్ పనిచేయలేదు. దుప్పట్లు ముక్కవాసన. ఆడవాళ్లతో వెళ్లేవాళ్లు కాటేజీ దొరికితేనే ఇక్కడ ఆగండి, లేదంటే అచ్చంపేటలో పడుకుని తెల్లారకముందే బయలుదేరండి.

సఫారీ మాత్రం ఆ చిరాకంతా మరిపించింది. ఫర్హాబాద్‌లో పొద్దున మొదటి ట్రిప్పు ఎక్కాం. గైడ్ చెంచు కుర్రాడు. ఒకచోట బండి ఆపించి దుమ్ములో అడుగు చూపించాడు. నాలుగు వేళ్లు, వెనక మడమ మూడు మడతలు. అంచున మట్టి ఇంకా రాలలేదు, రాత్రిదే అన్నాడు. పులి కనపడలేదని మా ఆవిడ నిట్టూరిస్తే, "ఉన్నదని తెలిసింది గదా అమ్మా. అది లేకుంటే జింకలు ఒక్క మొలకనూ లేవనియ్యవు" అన్నాడు.

మా మేనకోడలు చటుక్కున ఫోన్ తీసింది. "మా దగ్గర అదే అయింది తమ్ముడూ."

వీడియోలో కెల్ప్ అడవి. తాటిచెట్టంత ఎత్తున సముద్రపు నాచు, వేళ్లు లేకుండా రాళ్లను పట్టుకుని, గాలి బుడగలతో పైకి నిలబడి ఉంది. జెయింట్ కెల్ప్ అన్నీ కుదిరితే రోజుకు అర మీటరు దాకా పెరుగుతుందట. దానికి చల్లటి నీళ్లు కావాలి. లోతు నుంచి పైకి వచ్చే చల్లటి నీళ్లే దానికి ఎరువు మోసుకొస్తాయి, పైన నీరు వేడెక్కితే అది అందదు. 2013లో సముద్ర నక్షత్రాలకు (స్టార్‌ఫిష్) తెగులు సోకింది, ఆ వెంటనే 2014 నుంచి 2016 వరకు వేడి నీళ్లు తిష్ఠవేశాయి. ఇరవై నాలుగు దాకా చేతులుండే పొద్దుతిరుగుడు నక్షత్రం అక్కడ దాదాపు కనుమరుగైంది. అది తినాల్సిన ముళ్లబంతుల్లాంటి ఊదారంగు సీ అర్చిన్లు లెక్కలేకుండా పెరిగి కెల్ప్‌ను మొదలంటా నమిలేశాయి. ఉత్తర కాలిఫోర్నియాలో 350 కిలోమీటర్ల తీరం పొడవునా బుల్ కెల్ప్ అనే ఇంకో రకం తొంభై శాతానికి పైగా పోయింది.

రెండో వీడియోలో బోసి రాయి, దానిమీద ముళ్లే ముళ్లు. "తిండి లేకపోయినా ఇవి ఏళ్ల తరబడి చావవు. లోపల మాంసం ఉండదని సముద్రపు నీటికుక్కలు కూడా వీటిని ముట్టవు. కొన్నిచోట్ల డైవర్లే సుత్తులతో పగలగొడుతున్నారు" అంది.

కుర్రాడు ఆ వీడియో రెండుసార్లు చూశాడు. "అయితే మీకాడ పులి ఆ నక్షత్రమా అక్కా?" అన్నాడు. తను తల ఊపింది, మాట రాలేదు. నాకూ గుండె బరువెక్కింది. 2,611 చదరపు కిలోమీటర్ల ఈ అడవిలో పులిని కాపాడటానికి గేట్లున్నాయి, కాపలా ఉంది. నీళ్ల వేడిని ఏ గేటు ఆపుతుంది?

మల్లెలతీర్థం జలపాతం మెట్లు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. జనవరిలో ధార సన్నగానే ఉంది కానీ చల్లగా, ప్రశాంతంగా ఉంది. దిగువన గుట్కా ప్యాకెట్లు చూసి బాధేసింది. తాగే నీళ్లు మీరే తెచ్చుకోండి. ఆక్టోపస్ వ్యూ పాయింట్ పది నిమిషాల పని, అయినా వదలకండి. కృష్ణ పాయలు చేతుల్లా కొండల్లోకి చాచుకుని ఉంటాయి.

రాత్రి 9కి అడవి రోడ్డు మూసేస్తారు కాబట్టి చీకటి పడకముందే తిరుగు ముఖం పట్టాం. డిండిలో టీ తాగుతుంటే మా కోడలికి మెసేజ్ వచ్చింది. గైడ్ కుర్రాడు. "అక్కా, ఆ వీడియోలు పంపు. మా గైడ్లందరికీ చూపిస్త."