ఫ్యాక్టరీలు పోయాక మిగిలిన పబ్బులు: బర్మింగ్‌హామ్, డడ్లీ, స్మెథిక్

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పాత పేట పబ్బులు చూడాలని బయల్దేరితే మొదట కనిపించేవి ఖాళీ స్థలాలే. ఆ తర్వాత పబ్బు ముఖం మిగుల్చుకుని సూపర్ మార్కెట్‌గానో, ఫ్లాట్లుగానో మారిన భవనాలు. ఇవి జూబ్లీహిల్స్ పబ్బుల్లాంటివి కావు. కల్లు దుకాణాన్నీ రచ్చబండనీ ఒక్క కప్పు కింద పెడితే ఎలా ఉంటుందో, ఆ రకం. ఫౌండ్రీలో, అంటే లోహం కరిగించి పోతపోసే కర్మాగారంలో, షిఫ్టు దిగినవాడు ఒంటి మీద మసితోనే నేరుగా వచ్చి నిలబడే చోటు. అందుకే ఫ్యాక్టరీ గేటు పక్కన ఒకటి, వీధి మూలన ఇంకొకటి ఉండేవి.

అవి పోవడానికి కారణం ఒక్కటి కాదు. 1960లలో పాత ఇళ్ళ వరుసల్ని కూలగొట్టి జనాన్ని ఊరి చివర ఫ్లాట్లకు పంపారు. తాగేవాళ్ళు వెళ్ళిపోతే పబ్బు ఎవరికోసం? తర్వాత ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వాటితోపాటు బీరు తయారీదార్లూ పోయారు. ఆస్టన్ క్రాస్‌లోని ఆన్సెల్స్ బ్రూవరీ సమ్మె తర్వాత 1981లో మూతపడింది. మిచెల్స్ అండ్ బట్లర్స్ వాళ్ళ కేప్ హిల్ బ్రూవరీ 2002 దాకా నడిచింది, ఇప్పుడక్కడ ఇళ్ళ కాలనీ. మిగిలిన వాటిని సూపర్ మార్కెట్లో దొరికే చవక బీరు, 2007 జూలైలో వచ్చిన పొగతాగడంపై నిషేధం దెబ్బతీశాయి.

బస సంగతికొస్తే, మేం మొదట బ్రాడ్ స్ట్రీట్ పక్కన ఒక చైన్ హోటల్లో దిగాం. గది బాగానే ఉంది కానీ శుక్రవారం రాత్రి కింద క్లబ్బుల గోలకి తెల్లవారుజాము దాకా నిద్ర లేదు. రిసెప్షన్‌లో చెబితే చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్ళలు ఇచ్చారు! మర్నాడే జ్యువెలరీ క్వార్టర్‌కు మారాం. ప్రశాంతమైన పేట, నగల వర్క్‌షాపులు ఇంకా పనిచేస్తున్నాయి. పైగా వెస్ట్ బ్రామ్‌విచ్, వుల్వర్‌హాంప్టన్ వెళ్ళే ట్రామ్ అక్కడ ఆగుతుంది. ఈ యాత్రకి అంతకన్నా మంచి మకాం లేదు.

నగరంలో తప్పకుండా చూడాల్సింది ఆస్టన్ హై స్ట్రీట్‌లోని బార్టన్స్ ఆర్మ్స్. 1901లో కట్టారు. గోడల నిండా మింటన్ కంపెనీ రంగు టైల్స్, కౌంటర్ మీద చిన్న చిన్న తిరిగే అద్దపు తెరలు. దర్జాగా తాగే దొరలకీ అవతలి గదిలోని కూలీలకీ ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా పెట్టుకున్న ఏర్పాటు అది. చుట్టూ ఉన్న ఇళ్ళు పోయాయి, ఎదురుగా ఉన్న హిప్పోడ్రోమ్ థియేటర్‌ని 1980లో పడగొట్టారు. ఇదొక్కటే పెద్ద రోడ్డు పక్కన నిలబడింది. తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి. అందంలో దీనికి సాటి లేదు. కానీ చుట్టూ పేట లేకపోవడంతో నాకు ప్యాలెస్ చూసినట్టే అనిపించింది.

కర్జన్ స్ట్రీట్ దగ్గర కొత్త హైస్పీడ్ రైలు స్టేషన్ కోసం ఈగిల్ అండ్ టన్ అనే పబ్బుని 2020లో కూల్చేశారు. యూబీ40 బ్యాండ్ తమ పాట వీడియో ఒకటి తీసింది అక్కడే. దగ్గర్లోనే 1897 నాటి వుడ్‌మన్ మాత్రం బతికిపోయింది. అరపూట చాలు.

పాత భవనాల్ని తిరిగి నిలబెట్టి ఒకప్పటి పారిశ్రామిక జీవితాన్ని చూపించే డడ్లీలోని బ్లాక్ కంట్రీ లివింగ్ మ్యూజియానికి రైల్లో టిప్టన్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచాం. బస్సు ఎక్కి ఉంటే బాగుండేదని మా బావగారు దారి పొడవునా అంటూనే ఉన్నారు. వుల్వర్‌హాంప్టన్‌లో 2001లో కూల్చేసిన ఎలిఫెంట్ అండ్ కాజిల్ పబ్బుని ఇక్కడ మళ్ళీ కొత్తగా కట్టి, 1960ల రూపంలో నిలబెట్టారు. పని నాణ్యంగా ఉంది, సిబ్బంది ఓపిగ్గా కబుర్లు చెబుతారు, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి రోజంతా కాలక్షేపం. టికెట్ మాత్రం చవక కాదు. ఇంతకీ అక్కడ తాగేవాళ్ళందరూ మాలాంటి యాత్రికులే. పక్కన ఎవడున్నాడో ఎవడికీ తెలీదు.

అక్కడికి దగ్గర్లో హిమ్లీలోని క్రుకెడ్ హౌస్ అనే పబ్బు పోవడం ఇంకా పెద్ద దెబ్బ. కింద బొగ్గు తవ్వకాలతో నేల కుంగి ఒక పక్కకి ఒరిగిపోయిన ఇల్లు. లోపల గోలీ వదిలితే ఎత్తుకి ఎక్కుతున్నట్టు కనిపించేదట. 2023 ఆగస్టు 5న తగలబడింది, రెండు రోజుల్లో నేలమట్టం చేసేశారు. తిరిగి కట్టమని మరుసటి ఏడాది కౌన్సిల్ ఉత్తర్వులిచ్చింది. దానికోసం ప్రత్యేకంగా వెళ్ళనక్కర్లేదు.

నేను రెండోసారి కూడా వెళ్తానంటే అది స్మెథిక్, వెస్ట్ బ్రామ్‌విచ్ వైపుకే. స్మెథిక్ రోల్ఫ్ స్ట్రీట్ స్టేషన్లో దిగితే హై స్ట్రీట్ దగ్గరే. గురుద్వారా ఎదుట మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన భారతీయుల జ్ఞాపకార్థం 2018లో పెట్టిన సిక్కు సైనికుడి కంచు విగ్రహం ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇక్కడి ఫౌండ్రీల్లో వేడి పని చేయడానికి పంజాబీలు వచ్చారు. పనిలో పక్కపక్కనే, పబ్బులో మాత్రం వేరు. స్మోక్ రూమ్ అని పిలిచే మంచి గదిలోకి నల్లవాళ్ళనీ మనవాళ్ళనీ రానిచ్చేవారు కాదు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్‌కి చెందిన అవతార్ సింగ్ జోహల్ లాంటివాళ్ళు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని పబ్బు పబ్బుకీ తిరిగి దీన్ని బయటపెట్టారు. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్మెథిక్ వచ్చినప్పుడు, బ్లూ గేట్స్ పబ్బుకి తీసుకెళ్ళింది జోహలే. అక్కడా స్మోక్ రూమ్‌లో వాళ్ళకి మందు పోయలేదు. తొమ్మిది రోజులకి న్యూయార్క్‌లో మాల్కమ్ ఎక్స్ హత్యకు గురయ్యారు. పబ్బుల్లో ఈ వివక్ష చట్టవిరుద్ధమైంది ఆ ఏడాది చివర్లోనే. స్మెథిక్ మార్షల్ స్ట్రీట్‌లో మాల్కమ్ ఎక్స్ రాకకి గుర్తుగా నీలి ఫలకం ఉంది.

తర్వాతి దశాబ్దాల్లో తెల్ల యజమానులు వదిలేసుకుంటున్న పబ్బుల్ని ఇదే వలస కుటుంబాలు తీసుకున్నాయి. వాటినే దేశీ పబ్బులంటున్నారు. వెస్ట్ బ్రామ్‌విచ్‌లోని రెడ్ లయన్‌లో ఈ చరిత్రనంతా రంగుటద్దాల కిటికీగా చేయించి పెట్టుకున్నారు. రోబక్ స్ట్రీట్‌లోని వైన్ (ద్రాక్షతీగ అని అర్థం, సారా కాదు) అనే దేశీ పబ్బు బయటికి మామూలు మూల పబ్బు, లోపలికి పోయే కొద్దీ బొగ్గుల మీద మాంసం కాలే వాసన. మేం మిక్స్‌డ్ గ్రిల్ తెప్పించుకున్నాం: చికెన్ టిక్కా, కబాబ్, వింగ్స్, కింద ఉల్లిపాయలు, ఇనప పెనం మీద చిటపటలాడుతూ వచ్చింది. ఇద్దరికి ఒక ప్లేటు ఎక్కువే. కారం మన లెక్కలో తక్కువ, మసాలా మాత్రం సరిగ్గా పట్టింది. బావగారు మందు ముట్టరు, ఆయనకి కోక్ ఇచ్చి ఎవరూ వింతగా చూడలేదు. ఒక టేబుల్లో పంజాబీ తాతలు, పక్క టేబుల్లో తెల్ల తాతలు, అందరూ కలిసి టీవీలో రిఫరీని తిడుతున్నారు. మూతబడ్డ ఫౌండ్రీల పేర్లు కూడా ఆ మాటల్లోనే విన్నాను. మ్యూజియంలో లక్షలు పోసినా కట్టలేనిది ఇదే.

లోపాలూ ఉన్నాయి. టీవీ సౌండు చెవులు పగలగొడుతుంది, టాయిలెట్లు మరీ చెప్పుకోదగ్గవి కావు. శాకాహారులకి పనీర్, చిప్స్ తప్ప పెద్దగా లేదు. సర్వీసు కోసం కూర్చుంటే ఎవరూ రారు. డ్రింక్స్ కౌంటర్ దగ్గరే అడిగి, డబ్బు కట్టి తెచ్చుకోవాలి. వైన్ పబ్బుకి కెన్రిక్ పార్క్ ట్రామ్ స్టాప్ దగ్గర. హాథార్న్స్ స్టేడియం కూడా అక్కడే కాబట్టి ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు వెళ్తే నిలబడటానికీ చోటుండదు. ఆ రోజు ఆస్టన్ చూసుకుని, ఇక్కడికి వారం మధ్యలో సాయంత్రం వెళ్ళండి.