ఎనిమిది సీజన్ల పెట్టె కొంటున్నారా? ఆరు దగ్గర ఆగండి

హెచ్‌బీఓ టీవీ సిరీస్ గేమ్ ఆఫ్ థ్రోన్స్ ‘కంప్లీట్ సిరీస్’ డిస్కుల సెట్‌ని కార్ట్‌లో వేసుకుని, ఆఫర్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నవాళ్ల కోసం ఈ హెచ్చరిక. ఆ పెట్టెలో చివరి సీజన్ మీరు పెట్టే డబ్బుకు తగ్గ సరుకు కాదు. పైగా హైదరాబాద్‌లో మన చేతికొచ్చే సెట్లకు రీజియన్ తేడాలు (ఒక దేశం డిస్కు ఇంకో దేశపు ప్లేయర్‌లో ఆడకపోవడం), నకిలీ డిస్కులు, గీతలు అనే మూడు తలనొప్పులున్నాయి. నా సలహా ముందే చెప్పేస్తా: 1 నుంచి 6 సీజన్ల సెట్ విడిగా వచ్చింది, సెకండ్ హ్యాండ్‌లో దొరికినా అదే తీసుకోండి. 7, 8 సీజన్లు ఓటీటీలో ఒకసారి చూస్తే చాలు, అరలో పెట్టుకునేంత లేదు.

కథ ఇంకా చూడనివాళ్లు కింది నాలుగు పేరాలు వదిలేసి, ‘ద లాంగ్ నైట్’ అనే చీకటి ఎపిసోడ్ దగ్గర్నుంచి చదవండి.

ముందు ఎపిసోడ్ల లెక్క చూడండి. మొదటి ఆరు సీజన్లకు ఒక్కోదానికి 10 ఎపిసోడ్లు. ఏడోదానికి 7, ఎనిమిదోదానికి 6. అన్నీ కలిపి 73. ఈ కథకు మూలమైన నవలల రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన మూడో పుస్తకం ఒక్కటే మూడు, నాలుగు సీజన్లలో పరుచుకుంది, అంటే దాదాపు 20 ఎపిసోడ్లు. అలాంటిది శవసైన్యంతో యుద్ధం, సింహాసనం కోసం యుద్ధం, డ్రాగన్ల రాణి డెనేరిస్ పతనం, కొత్త రాజు ఎంపిక, ఇవన్నీ కలిపి 13 ఎపిసోడ్లలో కుక్కేశారు. మన సీరియళ్లను సాగదీస్తున్నారని తిడతాం కదా, ఇక్కడ తిట్టాల్సింది సరిగ్గా దానికి ఉల్టా. ఏడో సీజన్ 2017 ఆగస్టులో అయిపోయాక ఎనిమిదోది 2019 ఏప్రిల్ 14న గానీ మొదలు కాలేదు. ఇరవై నెలలు ఆగినవాళ్లకు ఆరు వారాల్లో చేతులు దులిపేశారు.

డెనేరిస్ నగరాన్ని తగలబెట్టడం తప్పని నేను అనను. ఆ విత్తనం ఎప్పుడో పడింది. మీరీన్ నగరంలో 163 మంది బానిసల యజమానులను శిలువ వేయించింది ఆమే, ఏడో సీజన్లో టార్లీ తండ్రీకొడుకులను డ్రాగన్ మంటకు ఇచ్చిందీ ఆమే. లోపమల్లా విత్తనానికీ చెట్టుకీ మధ్య మొలక, కొమ్మ, ఆకు ఏవీ లేకపోవడం. ఎనిమిదో సీజన్ నాలుగో ఎపిసోడ్ చివర ఆమె ఆప్తురాలు మిసాండే తల తెగుతుంది, ఐదోదాంట్లో ఊరు లొంగిపోయి గంటలు మోగుతాయి, డ్రాగన్ మీద కూర్చున్న ఆమె ముఖం కొన్ని సెకన్లు కనిపిస్తుంది, అంతే, దూకేస్తుంది. అక్కడి నుంచి ఆ ఎపిసోడ్ అయ్యేదాకా కెమెరా మళ్లీ ఆమె ముఖం దగ్గరికే వెళ్లదు. కావాలంటే రిమోట్ పట్టుకుని చూడండి. మనిషి మనసు మారిన అసలు ఘట్టంలో ఆ మనిషినే చూపించలేదు. సెర్సీ రాణి కవల సోదరుడు, ప్రేమికుడు జేమీ సంగతీ అంతే. రెండో ఎపిసోడ్లో అతను యోధురాలు బ్రియెన్‌కు నైట్ బిరుదు ఇచ్చే సన్నివేశం ఈ సీజన్ మొత్తానికి మేలిమి ముక్క. అదే సీజన్ నాలుగోదాంట్లో అతన్ని రాత్రికి రాత్రి సెర్సీ దగ్గరికి పంపేసింది.

ఇక డెనేరిస్ డ్రాగన్ రేగాల్ చావు. ఆకాశంలో డ్రాగన్ మీదున్న మనిషికి కింద సముద్రంలో ఉన్న నౌకల గుంపు కనపడదు! డెనేరిస్ ఆ నౌకాదళం సంగతి మర్చిపోయిందన్నట్టు సృష్టికర్తలే ఎపిసోడ్ వెనకాల వచ్చే వీడియోలో వివరణ ఇచ్చుకున్నారు. సరే అనుకుందాం. ఆ మరుసటి ఎపిసోడ్లో రేగాల్‌ను పడగొట్టిన అవే బాణయంత్రాలు బోలెడన్ని ఉన్నా ఒక్కటీ డ్రాగన్‌కు తగలదు. కథ అవసరాన్ని బట్టి గురి కుదరడం, తప్పడం అన్నమాట. విందు బల్ల మీద కాఫీ కప్పు మర్చిపోయారని లోకమంతా నవ్వింది గానీ అది చిన్న విషయం, తర్వాత డిజిటల్‌గా తుడిచేశారు కూడా. గురి సంగతి తుడిస్తే పోయేది కాదు.

ముగింపు ఇట్లా చెడడానికి మార్టిన్ పుస్తకాలు అయిపోవడమే అసలు కారణం అంటారు, అందులో సగమే నిజం. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలేస్తే తిక్కన విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాసి భారతం ముగించాడు. అయితే తిక్కన ముందు వ్యాసుడి మూలం ఉంది, సిరీస్ తీసినవాళ్ల చేతిలో మార్టిన్ చెప్పిన ముఖ్యమైన మలుపులు తప్ప పుస్తకం లేదు. అంతవరకు ఒప్పుకోవచ్చు. కానీ ఇంకో సంగతి కూడా భారతంలోనే ఉంది. పద్దెనిమిది పర్వాల్లో పెద్దది యుద్ధపర్వం కాదు, యుద్ధం అయ్యాక వచ్చే శాంతిపర్వం. గెలిచినవాడు రాజ్యం ఎట్లా మోయాలన్న ప్రశ్నకు అంత చోటిచ్చారు. ఇక్కడ బ్రాన్ ఎందుకు రాజు కావాలో ఒక్క కూర్చోవడంలో తేల్చేశారు. తొందర పెట్టింది కూడా ఛానల్ కాదు. ఇంకా సీజన్లు తీయడానికి హెచ్‌బీఓ సిద్ధంగానే ఉంది, చాలనుకున్నది సిరీస్ సృష్టికర్తలు డేవిడ్ బెనియాఫ్, డీ.బీ. వైస్‌లే. ఇదే చివరి సీజన్‌కు 2019లో ఉత్తమ డ్రామాతో కలిపి 12 ఎమ్మీలొచ్చాయి కాబట్టి అవార్డు స్టిక్కర్ చూసి మోసపోకండి. సీజన్ మళ్లీ తీయమని సంతకాలు పెట్టినవాళ్లు 10 లక్షలు దాటారు. రెండూ నిజమే. సంగీతం, నటన, సెట్లు ఎక్కడా తగ్గలేదు, తగ్గింది రాతే.

ఇప్పుడు ఎనిమిదో సీజన్ మూడో ఎపిసోడ్, ‘ద లాంగ్ నైట్’. 82 నిమిషాలు, మొత్తం సిరీస్‌లో అన్నిటికన్నా పెద్దది. 55 రాత్రులు షూట్ చేశారు. ఏమీ కనపడలేదని అమెరికాలోనే గోల చేశారు. మన దగ్గర ఇంకా ఘోరం. అక్కడ ఆదివారం రాత్రి వచ్చేది ఇక్కడ సోమవారం పొద్దున ఆరున్నరకు. ఏప్రిల్ చివర్లో హైదరాబాద్‌లో ఆపాటికే తెల్లగా తెల్లారి ఉంటుంది. ఆఫీసుకు బయల్దేరేలోపు, కర్టెన్ సందుల్లోంచి ఎండ పడుతుంటే ఆ చీకటి యుద్ధం చూడటమంటే టీవీ గాజులో మన ముఖం చూసుకోవడమే. ‘డిస్కులో అయితే కనిపిస్తుంది’ అన్న ఆశతోనే చాలామంది ఈ సెట్ కొంటున్నారు. అందులో కొంతే నిజం. స్ట్రీమింగ్‌లో బిట్‌రేటు (సెకనుకు వచ్చే వీడియో సమాచారం) తక్కువ కాబట్టి చీకటి భాగాల్లో బూడిదరంగు గళ్లు, మబ్బుల మీద డ్రాగన్లు ఎగిరేచోట రంగుల చారలు కనిపిస్తాయి. బ్లూరేలో వీడియోకు గరిష్ఠంగా సెకనుకు 40 మెగాబిట్ల దాకా వీలుంది, 4కే డిస్కులో ఇంకా ఎక్కువ, పైగా 10 బిట్ రంగు, అంటే ఎక్కువ ఛాయలు. చారలు, గళ్లు తగ్గుతాయి. వెలుతురు మాత్రం పెరగదు, దాన్ని అంత చీకటిగానే తీశారు.

డబ్బు పెట్టేముందు టీవీ సరిచేసి చూడండి, సగం సమస్య అక్కడే తీరొచ్చు. పిక్చర్ మోడ్ ‘ఫిల్మ్‌మేకర్’ లేదా ‘సినిమా’లో పెట్టండి. ఎనర్జీ సేవింగ్, డైనమిక్ కాంట్రాస్ట్, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ప్లేయర్ హెచ్‌డీఎంఐకి పెట్టి ఉంటే బ్లాక్ లెవెల్ (నలుపు ఎక్కడ మొదలవుతుందో చెప్పే సెట్టింగ్) రెండు వైపులా ఒకటే ఉండాలి. ప్లేయర్ ‘ఫుల్’ పంపుతుంటే టీవీ ‘లిమిటెడ్’ అనుకుంటే నీడల్లో ఉన్నదంతా నల్లటి ముద్దైపోతుంది. ఉల్టా అయితే నలుపు బూడిదలా తేలుతుంది. పరీక్షకు ఆ ఎపిసోడ్లో డోత్రాకీ గుర్రపు దండు చేసే దాడి పెట్టుకోండి. మండుతున్న కత్తులు దూరాన ఒక్కొక్కటే ఆరిపోతుంటే చివరి నిప్పు దాకా లెక్క అందాలి, దాని చుట్టూ వలయంలాంటి మరక ఉండకూడదు. ట్యూబ్‌లైట్ ఆర్పి, కర్టెన్ వేసి, రాత్రి పూట చూడండి.

ఇన్ని చెప్పాక కూడా కొంటామనేవాళ్లకు రీజియన్ సంగతి. అమెరికా నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసులో తెప్పించుకునేవాళ్లు ముఖ్యంగా వినాలి. బ్లూరేలకు అమెరికా రీజియన్ A, ఇండియా C. పెట్టె వెనక A ఒక్కటే ఉంటే ఇక్కడి ప్లేయర్ డిస్కును వెనక్కి తోసేస్తుంది. A, B, C మూడూ ఉంటే ఇబ్బంది లేదు. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు రీజియన్ లాక్ లేదు, కానీ అదే పెట్టెలో మామూలు బ్లూరేలు కూడా ఉంటే వాటికి ఉండొచ్చు. డీవీడీలకు అమెరికా 1, మనది 5. మన దగ్గర అమ్మిన డీవీడీ ప్లేయర్లు చాలావరకు ఏదైనా ఆడతాయి గానీ కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చేది ఐదుసార్లే, ఆ తర్వాత చివరిదాని మీదే బిగుసుకుపోతుంది. లోపల డిజిటల్ కోడ్ చీటీ ఉంటుంది, అమెరికా సెట్‌లోది ఇక్కడ పనికిరాదు, దానికి విలువ కట్టి ధర ఒప్పుకోకండి. ఇక పీఎస్4 గేమ్ కన్సోల్, ప్రో మోడల్ అయినా సరే, 4కే డిస్కు ఆడదు. డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఆడతాయి.

నకిలీలు. సీల్ ఉందని నమ్మొద్దు, ష్రింక్ రేపర్ వేసే మిషన్ ఎవరైనా కొనుక్కోవచ్చు. డిస్కు తిప్పి వెలుతురులో చూడండి. ఫ్యాక్టరీలో అచ్చొత్తిన డీవీడీ వెండిలా మెరుస్తుంది, రాసిన డీవీడీ ఊదా ఛాయ కొడుతుంది. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న అద్దంలాంటి పట్టీలో ఐఎఫ్‌పీఐ (అంతర్జాతీయ రికార్డింగ్ పరిశ్రమ సంఘం) అనే అక్షరాలు, పక్కన సన్నటి కోడ్ ఉంటాయి. ఫోన్ కెమెరా జూమ్ చేస్తే చదవొచ్చు. అవి లేకపోతే అనుమానించండి. పది ఎపిసోడ్ల సీజన్ మొత్తం ఒక్క డీవీడీలో ఉందంటే ఇంకేం చూడక్కర్లేదు, ఆ డిస్కులో పట్టేది 8.5 జీబీయే. దిగుమతి చేసి ఇక్కడ అమ్మే సరుకైతే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, నెల, సంవత్సరం, తయారైన దేశం అచ్చేసి ఉండాలి. ఆన్‌లైన్‌లో కొన్నా ఇదే రూలు.

పార్సిల్ వచ్చాక వీడియో తీస్తూ విప్పండి, లేబుల్ కనపడేలా, ఎక్కడా కట్ లేకుండా. విప్పకముందు పెట్టెను చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. గలగలమంటే లోపల ట్రే పళ్లు విరిగి డిస్కు ఊడిపోయింది. అట్ట అరల్లో దూర్చే సెట్లయితే డిస్కు తీసినప్పుడల్లా గీత పడుతుంది, జిగురు మరక కూడా అంటుకుంటుంది. అందరూ చేసే పొరపాటు మొదటి డిస్కు, మొదటి ఐదు నిమిషాలు చూసి బాగుందనుకోవడం. రెండు పొరల డిస్కును లేజర్ లోపలి నుంచి అంచుకు చదువుతూ వెళ్లి, పొర మారి, అంచు నుంచి లోపలికి తిరిగొస్తుంది. గీతలు, వేలిముద్రలు ఎక్కువగా ఉండేది అంచునే. అంటే డిస్కు సరిగ్గా సగం దగ్గర ఆగిపోతుంది. మూడు ఎపిసోడ్లుంటే రెండోదాని మధ్యలో పది నిమిషాలు ఆడించండి. అన్ని డిస్కులూ ఇట్లా చూడ్డానికి ఒక ఆదివారం పోతుంది, అయినా రీప్లేస్‌మెంట్ గడువు దాటకముందే కానివ్వండి.

అమ్మినవాళ్లు మొండికేస్తే ఫోన్లో గొడవ పెట్టుకోకుండా ముందు రాతపూర్వకంగా అడగండి, ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, 2019 చట్టం ప్రకారం అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మీరుండే చోటే కేసు వేయొచ్చు. బిల్లు, విప్పిన వీడియో, చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి.

‘ఓటీటీలో ఉంది కదా, ఎప్పుడైనా చూస్తాం’ అనే ధీమా కూడా వద్దు. 2023 మార్చి 31తో హెచ్‌బీఓ సరుకంతా హాట్‌స్టార్ నుంచి పోయింది, తర్వాత జియోసినిమాకు వచ్చింది, 2025 ఫిబ్రవరిలో ఆ రెండూ కలిసిపోయాయి. మొదటి ఆరు సీజన్లు డిస్కులో ఉండాలనడానికి ఇదొక కారణం. వాటి బ్లూరేల్లో ‘హిస్టరీస్ అండ్ లోర్’ అని బొమ్మలతో చెప్పే వంశాల చరిత్రలు ఇంకో కారణం, అవి నిజంగా బాగుంటాయి.

ముగింపు నచ్చక పుస్తకాల వైపు వెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. ఆబిడ్స్ ఆదివారం బజార్లోనో, ఆన్‌లైన్‌లోనో ఈ కథకు మూలమైన మార్టిన్ నవలల ఏడు సంపుటాల బాక్స్ కనపడితే ఏడు నవలలు అనుకోకండి. మూడో నవలనూ ఐదో నవలనూ రెండేసి ముక్కలు చేసి అచ్చేస్తే ఏడైంది. నకిలీ అచ్చయితే ముందున్న మ్యాపులు అలుక్కుపోయి ఊళ్ల పేర్లు చదవరావు, కాగితం అవతలి అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి. పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి తిప్పి చూడండి. అసలుదే కొన్నా కథ ఐదో నవల దగ్గర ఆగుతుంది. అది 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు.